పీలిక కట్టని మంచం

అలెగ్జాండ్రియా, ముహర్రం బే
1993 ఏప్రిల్ 4

ఇస్తీర్ అక్కకు,

పండగ వెళ్లి పదకొండు రోజులైంది. నువ్వు బదిలీ మీద సొహాగ్ రైలెక్కి పది రోజులు. చేరానని ఒక్క ముక్క రాస్తావేమోనని రోజూ పోస్టు పెట్టె తెరిచి చూస్తున్నాను. నీకు కోపం వస్తే మాట మానేస్తావని పద్దెనిమిదేళ్లుగా తెలుసు కనుక నేనే ముందు రాస్తున్నాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక డబ్బా వస్తుంది. పండగ బిస్కట్లు. ఈస్టర్ దాకా నీకు పెద్ద ఉపవాసం కదా, నెయ్యి తగిలితే ముట్టుకోవు. అందుకని నీ వాటా విడిగా నూనెతో చేశాను. మా ఆయన చూసి, "నూనె బిస్కట్లు మనుషులు తింటారటే" అని నవ్వాడు. ఆయనకేం తెలుసు.

ఐసీయూలో ఆరు మంచాలూ నిండే ఉన్నాయి. మత్తు విభాగం పెద్దాయన డాక్టర్ షవ్కీ గారు నీ పేరెత్తితే కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. "పద్దెనిమిదేళ్లలో వేలెత్తి చూపించుకోని మనిషి, ఆ పూట ఏమైందో" అంటారు. నేను మందుల పళ్లెం పట్టుకుని పక్క మంచానికి వెళ్లిపోతాను.

నాలుగో మంచం ఫిక్రీ మాస్టారు వెంటిలేటర్ లేకుండా సొంతంగానే ఊపిరి తీస్తున్నారు. కళ్లు తెరుస్తున్నారు గానీ ఎవరినీ గుర్తుపట్టరు. ఆయన భార్య సనియ్యా వసారాలో అదే బల్ల మీద కూర్చుంటుంది. బళ్లో ఆయన చెప్పే భూగోళం పాఠాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చట, అవే ఆయన చెవిలో చెబుతుంది.

విచారణ కాగితం నోటీసు బోర్డుకి అంటించారు. "రోజా విప్పే వేళ విధుల్లో ఉన్న నర్సు ఇస్తీర్, నాలుగో మంచం ట్యూబ్ ఊడి అలారం మోగుతున్నా పట్టించుకోలేదు. రోగికి సుమారు నాలుగు నిమిషాలు గాలి అందలేదు." అంతే రాశారు. ఆ పూట గురించి నేను వేరే రాసేదేముంది, నీకు తెలియనిదా. ప్రతి రంజాన్‌లో అనే మాటే ఆ రోజూ అన్నావు. "నువ్వెళ్లి తినవే, మంచాల దగ్గర నేనున్నాను." మేమంతా పక్కగదికి వెళ్లాం. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ నీ డ్యూటీ నేను చేసేదాన్ని, రంజాన్‌లో మా పావుగంట నువ్వు కాసేదానివి. ఎవరూ రాసిపెట్టిన ఏర్పాటు కాదు.

ఈసారి ఈస్టర్‌కి నేనెవరి డ్యూటీ చెయ్యాలి అక్కా?

నీ చెల్లెలు,
బహీగా


సొహాగ్
ఏప్రిల్ 20

బహీగా,

బిస్కట్లు అందాయి. సగం పొడైపోయాయి. పొడి కూడా తిన్నాను.

ఇక్కడ ఐసీయూ అంటే నాలుగు మంచాలు, రెండు వెంటిలేటర్లు. అందులో ఒకటి పనిచేస్తుంది. రెండోదానికి డాక్టరు గారు కోటు తగిలిస్తారు. నేను వెళ్లిన రోజే కోటు తీయించి యంత్రం తుడిచాను. అప్పటినుంచి నన్ను "అలెగ్జాండ్రియా దొరసాని" అంటున్నారు. మా పిన్ని కూతురి ఇంట్లో ఉంటున్నాను. ఆమెకి బట్టల కొట్టు ఉంది, సాయంత్రాలు అక్కడ కూర్చుంటాను. నిన్న వసంత పండగకి అందరూ నైలు గట్టున కూర్చుని ఉప్పు చేపలు, ఉల్లిపాయలు తిన్నారు. నేనూ తిన్నాను. నువ్వు లేకపోతే ముళ్లు తీసిపెట్టేవాళ్లు లేరు.

ఒక్క సంగతి అడుగుతాను, జవాబు రాయి. నాలుగో మంచం యంత్రం అలారం ఇంకా ఊరికే అరుస్తోందా, బాగుచేశారా? అది తట్టుకోలేక వెనక మీట నొక్కి నోరు మూయించేవాళ్లం. నొక్కినవాళ్లు మంచం కమ్మీకి గాజుగుడ్డ పీలిక కట్టాలి. పీలిక ఉంటే ఆ మంచాన్ని కళ్లతో కాయాలి, లేకపోతే చెవులతో కాస్తే చాలు. ఆ పద్ధతి పెట్టింది నేనే. ఇక్కడి అమ్మాయిలకీ నేర్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నువ్వేమంటావు?

ఇస్తీర్


అలెగ్జాండ్రియా
మే 30

ఇస్తీర్ అక్కకు,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఉప్పు చేపలు తిన్నావు గనక నీ ఆరోగ్యానికేం ఢోకా లేదు. ఇక్కడ ఎండలు ముదిరాయి. మా చిన్నదానికి పెళ్లిచూపులు అయ్యాయి, పిల్లవాడు ఓడరేవులో పని, మాట తక్కువ. మా ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎక్కువే గనక సరిపోతుంది. యంత్రాల సంగతంటావా, కొత్తవి వస్తాయంటున్నారు, ఎప్పుడొస్తాయో దేవుడికి తెలియాలి.

మాస్టారిని పోయిన వారం ఇంటికి తీసుకెళ్లిపోయారు. గొట్టంతో పాలు పొయ్యడం, పక్క మార్చడం సనియ్యాకి నేనే నేర్పాను. ఆవిడ చెయ్యి మెత్తనిది, తొందరగా నేర్చుకుంది. లిఫ్టు దగ్గర ఎవరో బంధువు అడిగితే నా పక్కనే నిలబడి చెప్పింది. "మనవాళ్లంతా నోట్లో ఖర్జూరం పెట్టుకునే వేళ చూసి వదిలేసిందమ్మా. తన మతం వాడైతే అలా చూస్తూ కూర్చునేదా?"

నేను విన్నాను అక్కా. తల దించుకున్నాను.

ఆ మాట ఒక్క సనియ్యాది కాదు ఇప్పుడు. క్యాంటీన్లో అంటున్నారు, గేటు దగ్గర అంటున్నారు. పైనుంచి ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట రంజాన్‌లో ఆ పావుగంట మీవాళ్లెవరినీ మంచాల దగ్గర ఒంటరిగా ఉంచకూడదట. షవ్కీ గారు సంతకం పెట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు.

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. వయసేమో.

బహీగా


సొహాగ్
జూలై 11

బహీగా,

తల దించుకున్నానని రాశావు. దించి ఏం చూశావు, నీ చెప్పులా?

ఆ మాట ఇక్కడికీ వచ్చింది. అలెగ్జాండ్రియా నుంచి సొహాగ్‌కి ఉత్తరం రావడానికి నాలుగు రోజులు పడుతుంది గానీ ఇలాంటి మాటకి అంతకూడా పట్టదు. మొన్న ఒక పెద్దావిడ తన కొడుకు మంచానికి అడ్డంగా నిలబడింది. "ఆ అలెగ్జాండ్రియా నర్సువి నువ్వేనా?" అంది. అవునన్నాను. "నువ్వు వద్దు, ఇంకెవరినైనా పంపు" అంది. ఆ కుర్రాడికి అప్పుడే గొంతులో కఫం తీయాలి. నేను వెనక్కి నడిచి వచ్చి ఇంకొకర్ని పంపాను. రోగి దగ్గరనుంచి అలా వెనక్కి నడవడం నా జన్మలో అదే మొదలు. ఇంటికొచ్చి ఏడ్చాను. నేను ఏడవనని నువ్వు అందరికీ చెబుతుంటావు గనక ఇది రాస్తున్నాను.

సెప్టెంబరు 18న కైరోలో పెద్ద విచారణ. నా లైసెన్సు ఉంచాలా తీసెయ్యాలా అని. తీసేస్తే పిన్ని కూతురి కొట్లో దారపుండలు అమ్ముకుంటాను. నాకు రంగులు బాగానే తెలుసు.

నువ్వు నాలుగు పేజీలు రాశావు. పెళ్లిచూపులు రాశావు, ఎండలు రాశావు. నేను అడిగిన ఒక్కదానికీ జవాబు రాయలేదు.

ఇస్తీర్


అలెగ్జాండ్రియా
ఆగస్టు 2

అక్కా,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది, చింపే బుద్ధి పుట్టకముందే పోస్టు చేస్తాను.

మీట నేనే ఆపాను.

ఆ రోజు అజాన్‌కి ఇంకా పది నిమిషాలుంది. ఆ యంత్రం ప్రతి ఊపిరికీ అరుస్తోంది. సనియ్యా తలుపు అద్దంలోంచి చూసి బెంబేలు పడుతోంది. పొద్దుటినుంచి టీ చుక్క లేక నా తల పగిలిపోతోంది. వెనక మీట నొక్కాను. పీలిక కోసం పళ్లెంలో చూస్తే గాజుగుడ్డ అయిపోయింది. బీరువా దగ్గరికి వెళ్లాలి. ఈలోగా వంటగదిలోంచి నీ చిక్కుడు గింజల పళ్లెం వచ్చింది. ఈ ఏడు మా రోజాలూ మీ ఉపవాసమూ ఒకేరోజు మొదలయ్యాయి గనక నువ్వూ పొద్దుటినుంచి ఏమీ తినలేదని నేనే నూనె పోయించి, నిమ్మకాయ పిండించి తెప్పించాను. దాన్ని నీ బల్ల మీద పెట్టాను. అజాన్ మొదలైంది. "నువ్వెళ్లి తినవే, మంచాల దగ్గర నేనున్నాను" అన్నావు. నీకు చెబుదామని నోరు తెరిచాను. పావుగంటే కదా అనుకున్నాను. వెళ్లిపోయాను.

మూడో ఖర్జూరం నోట్లో ఉండగా నీ కేక వినబడింది. పరుగెత్తుకొచ్చేసరికి మాస్టారి పెదాలు నీలంగా ఉన్నాయి. నువ్వు రబ్బరు సంచి నొక్కుతూ ఆయనకి గాలి కొడుతున్నావు. అందరూ మంచం చుట్టూ ఉన్నారు. నా చెయ్యి యంత్రం వెనక్కి పోయి మీట మళ్లీ పైకెత్తింది. ఆ చెయ్యి నన్ను అడగలేదు అక్కా.

మర్నాడు ఇంజనీరు వచ్చి చూస్తే అలారం శుభ్రంగా మోగింది. "అప్పుడు మోగుతూనే ఉందా?" అని నన్నడిగారు. "ఉంది" అన్నాను. రెండే అక్షరాలు.

ఎందుకన్నానో ఇన్ని నెలలుగా వెతుకుతున్నాను. పిల్లల కోసమనో, ఇంటి కోసమనో ఏదైనా పెద్ద కారణం దొరికితే బాగుండునని. దొరకలేదు. భయపడ్డాను, అంతే. ఆ తరవాత మిగిలిన రోజాల్లో అజాన్ వినబడితే నా నోరు ఎండిపోయేది. అందరూ తిని లేచాక ఎప్పుడో గుక్కెడు నీళ్లు తాగేదాన్ని. నూనె బిస్కట్లు చేసి పంపితే కాస్త తగ్గుతుందనుకున్నాను. సిగ్గు లేనిదాన్ని.

నన్ను క్షమించు.

బహీగా


సొహాగ్
ఆగస్టు 12

బహీగా,

నాకు తెలుసు.

సంచి నొక్కుతూ నీ చెయ్యి చూశాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని ఆసుపత్రి అంతా అంటారు. ఈ ఒక్క గింజ అయిదు నెలలు నానింది.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఆ సాయంత్రమే చెబుతావనుకున్నాను. మర్నాడు చెబుతావనుకున్నాను. ఇంజనీరు వచ్చినప్పుడు నీ మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. నువ్వు "ఉంది" అన్నావు. ఆ తరవాత నాకు పంతం పట్టుకుంది. ఎన్ని ఉత్తరాలకి నోరు విప్పుతుందో చూద్దామని కూర్చున్నాను. నాది మంచితనమని ఎవరైనా అంటే నమ్మకు. ఆ పంతం మూలాన సనియ్యా ఇన్నాళ్లూ ఒక అబద్ధం మోసింది. అందులో నా వాటా నాదే.

ఇంకొకటి ఉంది. నీకు తెలియనిది ఇదే. నువ్వు పెట్టిన చిక్కుడు గింజలు నేను కిటికీ వైపు తిరిగి తిన్నాను. మంచాలకి వీపు పెట్టి. ఎన్నడూ అలా కూర్చోలేదు. ఆ రోజు ఆకలి మండిపోతోంది, కిటికీలోంచి సముద్రం గాలి వస్తోంది. నాలుగో మంచానికి పీలిక లేదు కదా, చెవులు చాలులే అనుకున్నాను. నిమ్మకాయ ఎక్కువైందని కూడా అనుకున్నాను, గుర్తుంది. అక్కడ ఒక మనిషి ఊపిరి ఆగిపోతుంటే నేను నిమ్మకాయ గురించి ఆలోచిస్తున్నాను. చెవులతో కాస్తే చాలునని నేర్పింది ఎవరు? నేనే. ఇక్కడి అమ్మాయిలకి ఆ పద్ధతి నేర్పలేదు.

క్షమించమన్నావు. నన్నడగడం నీకు సులువు, క్షమించానని రాయడం నాకు సులువు. మన మధ్య అయిదువందల కిలోమీటర్లుంది. సనియ్యా ఇల్లు నీకు రెండు ట్రామ్ స్టాపులు. ముందు అక్కడికి వెళ్లు. కైరో వాళ్లకి ఆ తరవాత రాద్దువు గాని.

ఇస్తీర్


అలెగ్జాండ్రియా
సెప్టెంబరు 26

అక్కా,

కైరోలో నా వాంగ్మూలం చదివి వినిపించేటప్పుడు నువ్వు నా వైపు చూడలేదు. కిటికీ సంగతి నీ అంతట నువ్వే లేచి చెప్పావు. ఎవరూ అడగలేదు. బయట మెట్ల మీద నిన్ను పలకరించకుండానే వచ్చి రైలెక్కేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆగస్టు ఆఖరు శుక్రవారం సనియ్యా ఇంటికి వెళ్లాను. నన్ను చూసి సంబరపడింది. "రా తల్లీ, నీ చేతి చలవ, పుండ్లు పడలేదు చూడు" అంటూ మాస్టారి వీపు చూపించింది. టీ పెట్టింది. మాస్టారి ముందు ఒక మ్యాప్ పరిచి ఉంది. "నైలు ఎక్కడుంది ఫిక్రీ?" అని అడుగుతుంది. ఆయన వేలు ఎక్కడో సముద్రంలో పెడతాడు. "దగ్గరికొచ్చావు" అంటుంది.

టీ ముట్టుకోకుండా అంతా చెప్పేశాను. మీట, పీలిక, ఖర్జూరం, ఇంజనీరు. చెప్పడం అయ్యాక ఆవిడ మ్యాప్ మడత పెట్టింది.

"మరి ఆ ఇస్తీర్?" అంది.

"ఆవిడకి ఆ వేళ మీట ఆపినట్టు తెలీదు. మోగుతుందనే నమ్మింది. నేను చెప్పలేదు."

"నేను రోజుకి అయిదు నమాజుల్లోనూ ఆవిడ పేరు పెట్టి శపించాను. పేరు మర్చిపోకుండా కాగితం మీద రాసుకున్నాను కూడా. ఇప్పుడు ఆ శాపాలన్నీ ఏమవుతాయి?"

"నా మీదికి రానీ."

"నీ మీదికెలా వస్తాయి? పేరు ఆవిడదే పెట్టాను కదా" అంది. కోపంగా అనలేదు అక్కా, నిజంగా దారి తెలియక అడిగింది. అప్పుడు ఏడిచాను. ఆవిడ ఏడవలేదు. "ఆయనకి పాలు పట్టే వేళైంది, నువ్వెళ్లు" అంది. నేనే పడతానన్నాను. "వద్దు" అంది. గుమ్మం దాకా వచ్చి, "ఆవిడ చిరునామా రాసిచ్చి పో" అంది. సొహాగ్ అన్న మాట రెండుసార్లు రాశాను.

తీర్పు నీకు అందే ఉంటుంది. నీకు మందలింపు, లైసెన్సు ఉంటుంది, కావాలంటే ఇక్కడికి తిరిగి రావచ్చు. నాకు రెండేళ్లు రోగుల దగ్గరికి పోకూడదని. డ్రెస్సింగు గదిలో వేశారు. రోజంతా గాజుగుడ్డ కత్తిరిస్తాను. వాళ్లు తెలిసి వేశారో తెలియక వేశారో గానీ నాకు తగిన పనే దొరికింది.

వస్తావా?

బహీగా


అలెగ్జాండ్రియా
1994 ఫిబ్రవరి 20

అక్కా,

జవాబు రాలేదు. రాకపోయినా రాస్తాను.

మళ్లీ రంజాన్ వచ్చింది. ఆ ఉత్తర్వు ఇంకా గోడ మీదే ఉంది. తప్పు నాదని బోర్డుకి కాగితం అంటించారు, జనం చదివారు, అయినా క్యాంటీన్లో పాతమాట పూర్తిగా చావలేదు. అబద్ధానికి నేను ఇచ్చిన వ్యవధి ఎక్కువైంది. అజాన్ వేళ షవ్కీ గారే ఐసీయూలో నిలబడుతున్నారట. అందరూ తిన్నాక ఆయన తింటారట. "ఇస్తీర్ ఉంటే" అని ఒకసారి అన్నారట, అక్కడితో ఆపేశారట.

నేను డ్రెస్సింగు గదిలో ఒక్కదాన్నే ఉంటాను. ఖర్జూరాలు ముందు పెట్టుకుంటాను. అజాన్ వినబడుతుంది. చెయ్యి పైకి రాదు. మంచాల దగ్గర ఎవరున్నారు అనిపిస్తుంది. గంట గడిచాక ఇంటికి పోయి కాసిని నీళ్లు తాగుతాను. మా ఆయన ఇది ఉపవాసం కాదు, శిక్ష అంటాడు. ఎవరేశారు శిక్ష అని తిడతాడు.

సనియ్యా తలుపు తీయడం లేదు. పక్కింటావిడ చేత గాజుగుడ్డ పంపిస్తే తీసుకుంటోంది.

బహీగా


సొహాగ్
1994 మార్చి 8

బహీగా,

నిన్ననే మా పెద్ద ఉపవాసం మొదలైంది. మీ రోజాలు ఇంకా అయిదారు ఉన్నాయి. ఈ ఉత్తరం అందేసరికి ఒకటో రెండో మిగలాలని త్వరగా రాస్తున్నాను.

నేను అక్కడికి రాను. కోపం కాదు. కోపం కొంత ఉందిలే, అబద్ధమెందుకు. కొన్ని సాయంత్రాలు తగ్గుతుంది, కొన్ని సాయంత్రాలు పొయ్యి మీద పాలలా పొంగుతుంది. కానీ రాకపోవడానికి అది కారణం కాదు. ఇక్కడ కోటు తగిలించే యంత్రం కూడా ఇప్పుడు పనిచేస్తోంది. రెండూ నా చేతుల మీదే నడుస్తున్నాయి.

సనియ్యా రాసింది. మూడు వాక్యాలు. "నా శాపాలు వెనక్కి తీసుకుంటున్నాను. మీ పేరు పెట్టే తీసుకుంటున్నాను. మీరు వీపు తిప్పి కూర్చున్నందుకు మాత్రం నాకు ఇంకా బాధగానే ఉంది." ఆ మూడోది చదివాక ఈ మనిషి నిజం చెబుతోందని నమ్మాను. ఆ కాగితం నా బైబిల్లో పెట్టుకున్నాను. నీకు కూడా ఏదో ఒకరోజు తలుపు తీస్తుంది, తీయకపోయినా నువ్వు గాజుగుడ్డ పంపుతూనే ఉండు.

రంజాన్ మొదటి రోజు ఇక్కడి అమ్మాయిలు ముగ్గురూ నా దగ్గరికొచ్చి నసిగారు. "ఇస్తీరక్కా, అజాన్ వేళ... మీకు అభ్యంతరం లేకపోతే..." పొమ్మన్నాను, తినమన్నాను. ఆ వేళ నేను కూర్చోను. ఏమీ తినను. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడుస్తూనే ఉంటాను, ప్రతి ఛాతీ లేచి పడడం కళ్లతో చూస్తాను. నిరుడు నన్ను అడ్డుకున్న పెద్దావిడ ఉందే, మొన్న కొడుకుని చూపించడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడి నన్ను చూసింది. నేను మంచాల మీంచి చూపు తిప్పలేదు గనక ఆవిడ ఎప్పుడు వెళ్లిందో తెలియదు.

మా దగ్గర పొద్దు మీకంటే నాలుగు నిమిషాలు ముందు గుంకుతుంది. ఆ సంగతి నేను మర్చిపోలేను, నీకు ఎందుకో చెప్పనక్కర్లేదు. మా అజాన్ అయిపోయాక, మీది మొదలయ్యేదాకా, ఆ నాలుగు నిమిషాలూ నేను మాస్టారి పేరు తలుచుకుంటూ నడుస్తాను. అది నా పని. నీది కాదు.

మంచాల దగ్గర ఎవరున్నారని అడిగావు. అక్కడ షవ్కీ గారున్నారు. ఇక్కడ నేనున్నాను. నువ్వు ఖర్జూరం ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే ఏ మాస్టారికీ గాలి అందదు.

ఇది అందిన రోజు మీ అజాన్ వినబడగానే నువ్వు తినవే. మంచాల దగ్గర నేనున్నాను.

ఇస్తీర్ అక్క